వందనాలు బ్రదర్

మా అమ్మ మా నాన్నను "బ్రదర్" అని పిలిచింది. ఈ గొడవంతా అక్కడ మొదలైంది.

క్రైస్తవుల ఇళ్ళల్లో పెరగనివాళ్ళకు ఇందులో ఏముందో కాస్త విడమరిచి చెప్పాలి. మా సంఘంలో ఆరాధన అయిపోయాక అందరూ ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటారు. కుర్చీల వరసల మధ్య నడుస్తూ, పెద్దా చిన్నా, ఆడా మగా అని లేకుండా చెయ్యి కలుపుతూ, "వందనాలు బ్రదర్", "వందనాలు సిస్టర్" అనుకుంటూ మెట్ల దాకా వస్తారు. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఆ వారమే మొదటిసారి వచ్చిన మనిషైనా ఫరవాలేదు, ఆ రెండు మాటలతో పని జరిగిపోతుంది. ఆ ఆదివారం అమ్మ అలాగే వస్తూ వస్తూ, చివరి వరసలో నిలబడి ఉన్న నాన్న ముందు ఆగి, చెయ్యి చాచి, "వందనాలు బ్రదర్" అంది. ఆయన రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకుని "వందనాలండి" అన్నాడు. వాళ్ళిద్దరూ చెయ్యి కలపడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం. మన ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాం షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటారా ఎక్కడైనా.

అమ్మ అక్కడితో ఆగలేదు. ఒక అడుగు ముందుకు వేసి, ఆయన పక్కనున్న మనిషికి కూడా అదే గొంతుతో, అదే చిరునవ్వుతో వందనాలు చెప్పింది. ఆయనెవరో ఆమెకు తెలియదు. ఆ సంగతి ఎవరూ చూడలేదు, నేను చూశాను.

నాన్న మమ్మల్ని వదిలేసి వెళ్ళింది నేను ఇంటర్ చదువుతుండగా. మాది గుంటూరు వైపు. ఆయనది కరెంటు ఆఫీసులో ఉద్యోగం, అమ్మ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది. మొదట్లో ప్రతి శనివారం వచ్చేవాడు, తరవాత పండగలకు వచ్చేవాడు, ఆ తరవాత రాలేదు. అక్కడ ఇంకో ఇల్లు పెట్టుకున్నాడన్న మాట ఆయన మాకు చెప్పలేదు, ఊళ్ళోవాళ్ళు చెప్పారు. అమ్మ డ్యూటీలు చేసుకుంటూ నన్ను చదివించింది. నాకు గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చి, ఆమె రిటైరయ్యాక, పుప్పాలగూడలో ఈ ఫ్లాటులో ఇద్దరం ఉంటున్నాం. నా పెళ్ళి సంగతి ఇక్కడ అనవసరం. సంఘంలో ఆ ప్రశ్న అడిగి అడిగి వాళ్ళే అలిసిపోయారు.

ఈ ఏడాది వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆయన మా మందిరంలో కనిపించాడు. మందిరం అంటే గోపురం, గంట ఉన్నది అనుకోకండి. ఫర్నిచర్ షోరూం పైన ఒక హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు ప్రొజెక్టర్. స్త్రీలు ఒక వైపు, పురుషులు ఒక వైపు కూర్చుంటాం. వెనక వరసలో తెల్లచొక్కా ముసలాయన ఒకడు కూర్చుంటే నేను పట్టించుకోలేదు. అమ్మ పాట మధ్యలో, తెర మీదనుంచి చూపు తిప్పకుండా, "మీ నాన్న వచ్చాడు" అంది. అని మళ్ళీ చరణం అందుకుంది. నాకు మాత్రం ఆ తరవాత ఏం పాడారో, ఏం బోధించారో ఒక్క ముక్క ఎక్కలేదు.

అక్కడివాళ్ళు వద్దన్నారో, ఈయనే వదిలి వచ్చాడో తెలియదు. అడగాలని కూడా అనిపించలేదు. గచ్చిబౌలిలో మగపిల్లల పీజీ హాస్టల్లో ఒక మంచం తీసుకుని ఉంటున్నాడని తెలిసింది. పాస్టరు గారికి తానెవరో ఆయనే చెప్పుకున్నాడట. పాస్టరు గారు, మేము అయ్యగారు అంటాం, అమ్మను పక్కకు పిలిచి సంగతి అడిగితే, "రానివ్వండి అయ్యగారూ. మందిరం నా సొంతిల్లా ఏంటి, వద్దనడానికి" అంది. ఆ మాటతో ఆ కథ ముగిసిందనుకున్నాను. వారం వారం ఆయన వచ్చేవాడు, వెనక కూర్చునేవాడు, అందరికంటే ముందు మెట్లు దిగి వెళ్ళిపోయేవాడు. ఆ ఒక్క ఆదివారం ఎందుకు ఆగాడో మరి.

చెయ్యి కలిపారు కదా. అంతే. అయ్యగారు వెనక్కి తిరిగి గబగబా వెళ్ళి మైకు అందుకున్నారు. "ఒక్క నిమిషం, అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగండి" అన్నారు. ప్రభువు మన మధ్య గొప్ప కార్యం చేశాడు, విరిగిన కుటుంబాన్ని కట్టాడు, ఇప్పుడే మన కళ్ళతో చూశాం అన్నారు. హాలంతా స్తోత్రం అంది. వచ్చే ఆదివారం ఉదయం ప్రభువు బల్ల, అదే రోజు సాయంత్రం సిస్టర్ గారి గృహంలో కృతజ్ఞతా కూడిక, తప్పిపోయిన కుమారుని ఉపమానం ధ్యానిద్దాం, అందరూ రావాలి అన్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మా ఇంటికి మేమే ఎరగని కూడిక కుదిరిపోయింది. అప్పటికే ఎవరో బిర్యానీ సంగతి మాట్లాడుతున్నారు.

స్కూటీ మీద ఇంటికొస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది.

"అప్పుడే చెప్పాల్సింది కదా, అలాంటిదేం లేదని" అన్నాను.

"మైకు ఆయన చేతిలో ఉంది. నా చేతిలో ఉందా" అంది వెనక నుంచి. "అయినా నేనేమన్నానని ఇంత హడావిడి? వందనాలన్నాను. ఎవరికైనా చెప్తాను."

"చెప్పావుగా, అనుభవించు. ఇప్పుడు మీ ఆయన్ని మేళతాళాలతో ఇంటికి తీసుకొస్తారు."

"మీ నాన్న" అంది అమ్మ.

"మీ ఆయన" అన్నాను.

"నాకు ఆయన కాకుండా పోయి చాలా కాలమైంది. నీకు నాన్న కాకుండా ఎలా పోతాడు? ముందు చూసి నడుపు, లారీ వస్తోంది."

మేము అమ్మాకూతుళ్ళం ఎప్పుడూ అంతే. ఆయన ప్రస్తావన వస్తే ఆమె "మీ నాన్న" అంటుంది, నేను "మీ ఆయన" అంటాను. మా ఇద్దరిలో ఆయనకు సొంతదారు ఎవరూ లేరు. చుట్టరికాన్ని ఇలా అవతలివాళ్ళ ఒళ్ళో పడేయడం మన ఇళ్ళల్లో మామూలే. పిల్లాడికి మంచి మార్కులొస్తే నా కొడుకు, అద్దం పగలగొడితే నీ కొడుకు.

ఆ సాయంత్రమే సంఘం గ్రూపులో పోస్టరు పడింది. కృతజ్ఞతా కూడిక, మా ఫ్లాటు నంబరు, కింద ఒక బొమ్మ. గడ్డం ముసలాయన చిరిగిన బట్టల కుర్రాడిని కావలించుకుంటున్న బొమ్మ. దాని కింద వరసగా దండాలు, చప్పట్లు. ఆ బొమ్మను చాలాసేపు చూశాను. మా ఇంటి కథలో ముసలాయనే కదా పారిపోయింది. కావలించుకోవాల్సింది ఎవరు? పోస్టరు చేసినవాళ్ళకు ఆ అనుమానం రాలేదు.

నాకు ఆ ఉపమానం కొత్తది కాదు. సండే స్కూల్లో నేర్చుకున్న మొదటి కథల్లో అదొకటి. చిన్నకొడుకు తన వాటా పట్టుకుని దూరదేశం పోతాడు, అంతా తగలేసి, పందుల దగ్గర పనికి కుదిరి, బుద్ధొచ్చి ఇంటిదారి పడతాడు. తండ్రి దూరాన్నుంచే చూసి పరిగెత్తి వెళ్ళి మెడ మీద పడి ముద్దు పెట్టుకుంటాడు, కొవ్విన దూడను కోయించి విందు చేస్తాడు. మా ఊళ్ళో ప్రతి క్రిస్మస్‌కీ ఈ కథ నాటకం వేసేవాళ్ళు. అందులో తండ్రి వేషం ఎవరు వేసేవాళ్ళనుకున్నారు? మా నాన్నే. దూది గడ్డం పెట్టుకుని, పంచె పైకెగ్గట్టి, స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తేవాడు. చూసేవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నేను ముందు వరసలో కూర్చుని, మా నాన్న మా నాన్న అని పక్కపిల్లలకు చూపించుకునేదాన్ని. అంత బాగా పరిగెత్తినవాడు మా వైపు ఒక్క అడుగు కూడా వెయ్యలేదే అని తరవాత ఎన్నోసార్లు కుళ్ళి కుళ్ళి ఏడ్చాను.

సోమవారం ఆఫీసులో కూర్చుంటే పని సాగలేదు. నాది టెస్టింగు ఉద్యోగం. ఎవరో రాసినదాంట్లో తప్పులు వెతకడమే బతుకు. ఆ రోజు ప్రోగ్రాం పక్కన పెట్టి ఫోన్లో ఆ అధ్యాయం తెరిచి, దానికే తప్పులు వెతకడం మొదలుపెట్టాను. అందరూ తండ్రి పరుగు దగ్గర ఆగిపోతారు. నేను ఈసారి పెద్దకొడుకు దగ్గర ఆగాను. పొలం నుంచి వస్తాడు, ఇంట్లో పాటలు వినిపిస్తాయి, సంగతి తెలుసుకుని లోపలికి రానని బయటే నిలబడతాడు. తండ్రి బయటికొచ్చి బతిమాలతాడు. అప్పుడా పెద్దకొడుకు ఏమంటాడు? వాణ్ణి తమ్ముడు అనడు. నీ కొడుకు అంటాడు. నీ ఆస్తి తగలేసిన ఈ నీ కొడుకు. తండ్రి గొడవ పడడు, కేక వెయ్యడు, ఆ చుట్టరికాన్ని మెల్లిగా తిప్పి కొడుకు చేతిలోనే పెడతాడు. వాడు నీ తమ్ముడురా అంటాడు.

ఇన్నేళ్ళుగా ఎందరి నోట ఆ ఉపమానం విన్నానో. మీ నాన్న, మీ ఆయన అన్న మా ఇంటి పోట్లాట ఆ కథలోనే ఉందని ఎవరూ చెప్పలేదు. నాకు సంతోషమేం కలగలేదు, చిరాకేసింది. దేవుడి దగ్గర కూడా దాక్కోవడానికి చోటు దొరకలేదని చిరాకు. ఇంకో సంగతి చూశాను. ఆ పెద్దకొడుకు చివరికి లోపలికి వెళ్ళాడా లేదా అన్నది కథలో లేదు. అక్కడితో ఆపేశారు. నా దగ్గరికి అలాంటిది వస్తే అసంపూర్తి అని రాసి వెనక్కి పంపేదాన్ని.

బుధవారం సాయంత్రం అయ్యగారు, ఆయన భార్య మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ మెదక్ దిక్కువాళ్ళు. మైకు ముందు గ్రాంథికంగా మాట్లాడే అయ్యగారు ఇళ్ళకొస్తే మామూలు మనిషైపోతారు. మనసున్న మనిషి, చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. అమ్మ టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆదివారం కూడిక అయినంక అయ్య ఈడ్నే ఉంటడమ్మా. బ్యాగు గూడ అప్పుడే తెచ్చుకొమ్మని చెప్పిన. గా హాస్టల్ల పోరగాండ్ల నడుమ ఆయన ఎన్నొద్దులుంటడు, పాపం" అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు, కూడిక అంటే పాటలు, ప్రార్థన, బిర్యానీ మాత్రమే కాదని. ఆయన వచ్చి ఇంట్లో ఉండిపోవడం. ఉన్న రెండు గదుల్లో ఒకదాంట్లో. నేను నోరు తెరవబోతే అమ్మ చేత్తో ఆపింది.

"అయ్యగారూ, నేను ఆయన్ని ఇంటికి రమ్మనలేదండి" అంది.

"మరి చెయ్యిచ్చినవ్ గదమ్మా. నేను చూసిన. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి" అన్నారు అయ్యగారి భార్య.

"ఇచ్చాను. మందిరానికి వచ్చిన మనిషికి ఇచ్చినట్టే ఇచ్చాను. అందుకే బ్రదర్ అన్నాను. మొగుడని ఇస్తే ఏమండీ అనేదాన్ని."

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. పదిమంది ముందు మొగుణ్ణి పట్టుకుని బ్రదర్ అంటే, అంతకు మించిన దూరం తెలుగులో ఎక్కడుంది? ఇంకే ఇంట్లోనైనా ఆ మాట వింటే గుండెలు బాదుకుంటారు. మా సంఘంలో స్తోత్రం అన్నారు. మా వాళ్ళ చెవులు ఆ మాటకు అంత అలవాటు పడిపోయాయి.

అయ్యగారు టీ గ్లాసు కింద పెట్టారు. "నేను నీకు జెప్పెటంతోన్ని గాదమ్మా. నువ్వు ఎన్ని బాధలు పడ్డవో దేవునికి ఎరుక. గని ఉపమానంల తండ్రి ఏం జేసిండు? ఉరికిండు. ఇప్పుడు ఈ కథల తండ్రి జాగల నువ్వున్నవ్."

అమ్మ కొంగు సర్దుకుంది. ఆమె గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు, ఆ రోజు కూడా పెంచలేదు.

"ఆ కథలో పోయింది చిన్నకొడుకు అయ్యగారూ. వాడు పోయినా ఇల్లు అక్కడే ఉంది. పనివాళ్ళు ఉన్నారు, దొడ్లో దూడ ఉంది. తీసుకెళ్ళడానికి ఇల్లుంది కాబట్టి ఆ తండ్రి పరిగెత్తుకెళ్ళి తీసుకొచ్చాడు. మా కథలో పోయింది తండ్రండి. ఆయన పోయినప్పుడు ఇల్లూ పోయింది. ఈ ఇల్లు నేనూ మా అమ్మాయీ తరవాత కట్టుకున్నాం. ఇందులో ఆయన ఎప్పుడూ లేడు. లేని ఇంటికి తిరిగి రావడం ఏంటండి?"

అయ్యగారు తల ఊపారు, ఒప్పుకుని కాదు, బాధపడి. "సరే తల్లీ. కూడిక సంగతి పక్కకు పెడదాం. ఈ ఆదివారం బల్ల ఉన్నది. మనసుల పగ పెట్టుకొని బల్ల కాడికి రావద్దు గద. అది నీకు నేను జెప్పాల్నా. జర ఆలోచించుకో" అన్నారు. ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

ఆయన ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మకు బల్ల ప్రాణం. యేసు ఆఖరి భోజనానికి గుర్తుగా నెలకోసారి ఇచ్చే ఆ రొట్టెముక్క, ఆ కొంచెం ద్రాక్షరసం. జ్వరం వచ్చినా, డ్యూటీ ఉన్నా మానలేదు. మా ఊళ్ళో ఆయన వెళ్ళిపోయాక జనం గుచ్చి గుచ్చి చూస్తుంటే, ఆ చూపుల మధ్య నుంచే ముందుకు నడిచి వెళ్ళి తీసుకుని వచ్చేది. ఇంకేది పోయినా ఆ ఒక్కటి ఆమెకు మిగిలింది. ఇప్పుడు ఆయన్ని ఇంట్లోకి రానిస్తేనే బల్ల, లేకపోతే లేదు అన్నట్టయింది. అమ్మ ఆ మర్నాడంతా వంటింట్లో ఏదో ఒకటి తోముతూనే ఉంది. నాకు భయం వేసింది. బల్ల కోసం ఒప్పేసుకుంటుందని భయం. ఒప్పుకోక బల్ల వదులుకుంటుందేమోనని ఇంకా భయం.

శనివారం పొద్దున ఆమెకు చెప్పకుండా గచ్చిబౌలి వెళ్ళాను. ఆయన్నే రాకుండా ఆపితే పీడా పోతుంది కదా అనుకున్నాను. పీజీ కింద అంతస్తులో భోజనాల హాలు. నిక్కర్లు, టీషర్టుల్లో సాఫ్ట్‌వేర్ పిల్లలు ప్లేట్లలో ఉప్మా పెట్టుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. వాళ్ళ మధ్యలో ఆయన, ఇస్త్రీ చొక్కా, పైగుండీ దాకా పెట్టుకుని. ఎవరో "అంకుల్, చట్నీ ఇటివ్వండి" అంటే గిన్నె జరిపాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, పై అధికారి వచ్చినట్టు.

"రామ్మా. టిఫిను చేశావా?"

"చేశానండి" అన్నాను. నాన్నా అనలేదు. ఆ పూట ఎంతసేపు మాట్లాడానో, ఒక్కసారి కూడా ఆ మాట వాడలేదు. తెలుగులో ఆ సౌకర్యం ఉంది. అండీ పెట్టి ఎంతసేపైనా నెట్టుకు రావచ్చు.

కూర్చున్నాక సూటిగా చెప్పాను. అమ్మ మిమ్మల్ని ఇంటికి రమ్మనలేదు, అందరూ పొరపాటు పడ్డారు, అది వట్టి వందనాలు అన్నాను.

"తెలుసమ్మా" అన్నాడు. "బ్రదర్ అంది కదా. మీ అమ్మ ఎవర్ని ఎలా పిలుస్తుందో నాకు తెలియదా. ఆ మాట వినగానే, సరే, ఇక నేను ఎవరో పరాయివాణ్ణి అన్నమాట అనుకున్నాను."

"తెలిస్తే మరి అయ్యగారికి ఎందుకు చెప్పలేదు? అందరూ స్తోత్రం స్తోత్రం అంటుంటే అక్కడే నిలబడి ఉన్నారు కదా."

ఆయన ప్లేటు పక్కకు జరిపాడు. "చెప్పొచ్చు. చెప్పలేదు. అందరూ సంతోషపడుతున్నారు. నా చెయ్యి పట్టుకుని ఊపుతున్నారు. ఒక్క వారం అలా ఉండనిద్దాంలే అనిపించింది."

నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. ఆయన ఒక్క వారం సుఖపడటానికి అమ్మ బల్ల పోయేలా ఉంది, ఆ మాటే మొహాన చెప్పాను. "ఎప్పుడూ అంతే మీరు. మీకు బాగుండటమే మీకు కావాలి, మిగతావాళ్ళు ఏమైపోయినా సరే" అన్నాను. చుట్టూ ఉన్న పిల్లలు ఫోన్లలోంచి తల ఎత్తారు. ఆయన కనీసం ఒక్క మాట తిప్పి అంటే పోట్లాడేదాన్ని. అలా కూర్చుని అన్నీ పడితే ఏం చెయ్యను?

వెళ్తుంటే గేటు దాకా వచ్చాడు. "నేను ఇంటికి రాను. మీ అమ్మకు చెప్పు. ఆమె బల్ల ఆపద్దని అయ్యగారికి నేనే చెప్తాను" అన్నాడు. స్కూటీ తీసుకుని ఖాజాగూడ చెరువు దాకా వచ్చి, రోడ్డు పక్కన ఆపుకుని కూర్చున్నాను. ఏడుపు వచ్చిందేమో అనుకుంటారు, రాలేదు. కోపం తప్ప ఇంకేం లేదు, అది కూడా తగ్గలేదు.

ఆదివారం హాలు నిండిపోయింది. వాక్యం అయ్యాక, బల్లకు ముందు సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలు, చెప్పేవాళ్ళు ఉంటే రమ్మంటారు. అమ్మ లేచింది. నేను కొంగు పట్టుకుని లాగాను. విడిపించుకుని వెళ్ళి మైకు అడిగి తీసుకుంది. వార్డులో రోగి బంధువులకు సంగతి చెప్పే నర్సు లాగే నిలబడింది.

"అందరికీ వందనాలు. పోయిన వారం నేను ఒకాయనకు వందనాలు చెప్పాను. మీరంతా సంతోషించారు. ఆయన నా భర్త. ఆయన మీద నాకు పగ లేదు. మొదట్లో ఉండేది, చాలా ఉండేది. ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఒకరోజు పొద్దున ఆస్పత్రికి నడిచి వెళ్తుంటే, ఆయన్ని తిట్టుకుని చాలా రోజులైందే అనిపించింది. నేను తీసెయ్యలేదు, దేవుడే తీసేశాడు. రేపు ఆయనకు ఒంట్లో బాగోకపోతే వెళ్తాను, దగ్గరుండి చూస్తాను. కానీ ఆయన్ని మా ఇంట్లోకి రానివ్వను. ఈ సాయంత్రం కూడిక లేదు. రానివ్వకపోతే క్షమించనట్టే అని ఎవరికైనా అనిపిస్తే, బల్ల దగ్గర నన్ను ఆపండి. నేను మాత్రం వస్తున్నాను."

ఎవరో అలవాటు కొద్దీ స్తోత్రం అనబోయి మధ్యలో ఆగిపోయారు. అయ్యగారు బల్ల మీది తెల్లగుడ్డ తీశారు. స్త్రీల వైపు నుంచి అందరికంటే ముందు అమ్మ వెళ్ళింది. ఆయన పళ్ళెం పట్టుకుని ఆమె మొహంలోకి చూశారు. "తీస్కో అమ్మా" అన్నారు, మెల్లగా. అమ్మ తీసుకుంది.

ప్రతి నెలా ఆమె వెనకే నేను లేస్తాను. ఆ రోజు కూర్చునే ఉన్నాను. పగ లేదట. ఎప్పుడో పోయిందట. మరి ఇన్నేళ్ళూ నేను ఆమె తరఫున కోపం మోస్తున్నాననుకున్నానే. ఆమెదే అనుకుని మోశాను. ఆమె తనది ఎప్పుడో దించుకుని చేతులు దులుపుకుని హాయిగా నడుస్తుంటే, నేను వెనక బరువుతో రొప్పుతున్నానా? నా చుట్టూ ఉన్నవాళ్ళు లేచి వెళ్తున్నారు. మోకాళ్ళు పక్కకు తిప్పి దారి ఇచ్చాను.

అమ్మ వచ్చి పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఏమని?"

"పగ లేదని."

కళ్ళు తెరవలేదు. "నువ్వు నన్ను ఎప్పుడు అడిగావమ్మా. ఎప్పుడూ నాకంటే ముందు నువ్వే కోప్పడేదానివి" అంది. "నాది నేను చూసుకున్నాను. నీది నువ్వు చూసుకోవాలి" అంది.

కథలో తండ్రి బయటికి వచ్చి పెద్దకొడుకుని బతిమాలాడు. మా అమ్మ బతిమాలలేదు. నా వైపు చూడను కూడా లేదు.

స్త్రీలు అయ్యాక పురుషులు వెళ్ళారు. వరసలన్నీ మళ్ళీ నిండాయి. అయ్యగారు పళ్ళెం చేతిలో పెట్టుకుని, ఎప్పుడూ అడిగేదే అడిగారు. ఇంకా ఎవరైనా మిగిలారా అని. నేను తల తిప్పి చూశాను. చివరి వరసలో ఆయన ముందున్న కుర్చీ అంచు పట్టుకుని సగం లేచి ఉన్నాడు. చూపు బల్ల వైపు లేదు, నా వైపు ఉంది. నేను లేస్తే ఆయన లేస్తాడు. అడగక్కర్లేదు, ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది.

నేను లేవలేదు. ఆయన మెల్లగా కూర్చున్నాడు. అయ్యగారు పళ్ళెం బల్ల మీద పెట్టి గుడ్డ కప్పేశారు.